నలభై ఒకటో బటన్

(ఆఖరి గంట కొట్టాక, స్కూలు స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు, ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణదారు.)

"ఆ కుర్చీ లాక్కోకు. నిలబడి వినేంత పనే ఇది."

"నిలబడ్డం అలవాటే కదా మాస్టారూ. చెప్పండి."

"నీ బటన్ల పెట్టె నువ్వు పట్టుకుపో. నెల రోజులు చూశాం. పనికిరాదని కాగితం రాసేశాను, సంతకం ఒక్కటే తరువాయి."

"మీరు సంతకం పెడితే కొత్త టీచరమ్మ క్లాసు కూడా ఆగిపోతుందటగా?"

"ఆగాలి. అదీ ఒక క్లాసేనా? ఒకే గదిలో ఇద్దరు టీచర్లం. ఆవిడ ముందు, నేను వెనక బెంచీలో. పిల్లలు నలుగురేసి గుండ్రంగా కూర్చుని ఒకటే గోల. దాన్ని చర్చ అంటుంది."

"పిల్లలు మాట్లాడుతున్నారంటే..."

"సంతలోనూ మాట్లాడతారు."

"గోల సంగతి సరే, బటన్ ఏం చేసింది? పిల్లలకి తలా ఒకటి ఇస్తాం, పాఠం అర్థమైతే పచ్చది నొక్కాలి, కాకపోతే ఎర్రది. ఎంతమంది ఏది నొక్కారో తెర మీద పడుతుంది. ఇందులో కష్టమేముంది?"

"ఎవడి బుర్రకెక్కిందో, ఎవడికి ఎక్కలేదో మొహం చూసి చెప్తానురా. ఇరవై ఆరేళ్లుగా అదే పని. నాకు తెర మీద రంగులు కావాలా?"

"నా మొహమూ చూసేవారు."

"చూసేవాణ్ణి. అందులో ఏమీ ఉండేది కాదు."

"సరే. లెక్కపెట్టుకుని పట్టుకుపోతా. నలభై ఒకటి ఉండాలి."

"లెక్కపెట్టు. వేళ్లు చాలకపోతే చెప్పు."

"...ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. ఒకటి తక్కువ."

"అనుకున్నా. వెనక వరస వెధవల పనే. రేపు అందరి సంచులూ దులిపిస్తా."

"అక్కర్లేదు. పిల్లలు నలభై మంది. ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు వేసినవి వాళ్లవి. అన్నీ ఉన్నాయి. లేనిది నలభై ఒకటో నంబరు."

"అదెవరిది?"

"వెనక కూర్చునే మాస్టారికీ ఒకటి ఉండాలని టీచరమ్మ అడిగి తీసుకుంది. మీ చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది."

"ఓ, ఇదా. మరిచేపోయా. ఇదిగో, తీసుకో. నేను దాన్ని నొక్కింది కూడా లేదు."

"మంచిదే. ఏ నంబరు ఎప్పుడు ఏది నొక్కారో నా ఫోనులో పడుతుంది. ఒక్కసారి చూసి..."

"చూడక్కర్లేదు."

"సోమవారం, భిన్నాల భాగహారం. నలభై ఒకటి, ఎర్రది."

"జేబులో ఒత్తుకుని ఉంటుంది."

"మంగళవారం, ఎర్రది. ఇవాళ, ఎర్రది. మీ జేబుకి పచ్చది ఒక్కసారీ తగల్లేదు మాస్టారూ."

"వెటకారమా?"

"ప్రశ్న కూడా పడుతుంది. 'భాగించేటప్పుడు రెండో భిన్నాన్ని తిరగేసి గుణిస్తాం. ఎందుకు తిరగేస్తాం?' ఎక్కడైనా విన్నట్టుందా?"

"లేదు."

"ఏడో క్లాసులో నేనే అడిగాను. తిరగేయమంటే తిరగేయ్, ఎదురు ప్రశ్నలు వేయకు అన్నారు. వారం రోజులు వరండాలో నిలబెట్టారు."

"నువ్వడిగిన తీరు బాగుండి ఉండదు."

"తీరు బాగుంటే చెప్పేవారా?"

"...ఇది ఆవిడకి తెలుసా?"

"క్లాసు తెర మీద ఎన్ని ఎర్రవి అన్నదే కనిపిస్తుంది. ఎవరిదో కనపడదు. సోమవారం ఇరవై తొమ్మిది. పిల్లలు ఒకరికొకరు చెప్పుకుని మెల్లగా పచ్చకి మారారు. ఇవాళ్టికి ఒక్కటే మిగిలింది. వెనక బెంచీలో మీకు చెప్పేవాళ్లెవరూ లేరు మరి."

"నోరు ముయ్."

"ఆ ఒక్కరి కోసం ఆ పాఠం రేపు మళ్లీ చెప్తుందట. 'ఎవరో మొహమాటం పిల్లాడు, పాపం, అడగలేకపోతున్నాడు' అంది."

"పిల్లాడా! ఆ కలం ఇటియ్యి, సంతకం పెట్టేస్తా."

"సంతకం పెట్టండి. పెట్టె ఎత్తుకుంటా. రేపు ఆవిడ చెప్పేదీ ఉండదు, మీరు వినేదీ ఉండదు."

"ఉండు. నీకు... నీకు తెలుసా? ఎందుకు తిరగేస్తారో?"

"మొదట్లో గుడ్డల కొట్లో పనికి చేరిన రెండో రోజే తెలిసింది. మూడు మీటర్ల తాను ముందేసి, అర మీటరు ముక్కలు ఎన్నొస్తాయో చెప్పి మరీ కొయ్యమన్నారు. మీటరుకి రెండు ముక్కలు, అంటే మూడు రెళ్లు."

"తలుపు దగ్గరగా వేసి, ఆ కుర్చీ ఇటు లాక్కో."