అత్తయ్య ఎత్తిన రాతి కుండీ

నడుముకి ఆపరేషనయ్యాక అత్తయ్య మొదటిసారి గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. కోడలు నేలమీద చతికిలబడి, ఒక కుండీకి స్పాంజి ముక్కతో ఏదో అద్దుతోంది. గోడవారన ఇంకో కుండీ ఆరుతోంది.

"నా రాతి కుండీలు! నేను జరపలేనని పక్కింటికి ఇచ్చేశాం కదే, మళ్లీ ఎందుకు తెచ్చావు?"

"అవి కావత్తయ్యా. ఇవి వేరే."

"నా కుండీలు నేను పోల్చుకోలేనూ? అంచున ఆ పాచి, ఆ నల్లటి మరకలు..."

"పాచి నేను వేసిందే. ముందు బూడిదరంగు పూసి, అది ఆరాక నలుపు అద్ది, తడిగుడ్డతో తుడిచేశాను. గీతల్లో మిగిలిన నలుపే వాటికంత వయసు తెచ్చింది."

"ఎంత ఓపికే తల్లీ నీకు! చూసుకోడానికైనా ఉన్నాయి."

"చూడ్డానికి కాదు. గోడవారది ఆరింది, ఎత్తండి."

"చాల్లే! బరువులెత్తితే మళ్లీ మంచమెక్కుతావన్నాడు డాక్టరు."

"నా మాట విని ఎత్తండి."

అత్తయ్య పళ్లు బిగబట్టి, రెండు చేతులా ఒక్క గుంజు గుంజింది. కుండీ ఎగిరొచ్చి ముక్కుకి తగిలినంత పనైంది.

"ఓసి నీ దుంపతెగ! ప్లాస్టిక్‌దా?"

"ఇక ఎండ ఎటు పోతే అటు మీరే జరుపుకోండి. నన్నూ, మీ అబ్బాయినీ అడగక్కర్లేదు."

అత్తయ్య కుండీని దించకుండానే కోడలివైపు తిరిగింది.

"మిమ్మల్ని అడగలేకే మొక్కలొద్దన్నానని నీకెవరు చెప్పారే?"

"ఒకరు చెప్పాలా?"

అంతలో గేటు దగ్గర్నుంచి కొడుకు గావుకేక: "అమ్మా! దించు! నీ నడుం!"

కోడలు జవాబివ్వబోయింది.

"నువ్వుండవే, చెప్పకు" అంది అత్తయ్య, కుండీని ఇంకాస్త పైకెత్తి. "ఈ బరువు కాసేపు వాణ్ణి మోయనీ."