ఆరో అలవాటు

నోరు తెరువు. ఇంకొంచెం. అదీ. వద్దంటున్నా వినకుండా ఫ్రిజ్ తలుపుకి అంటించేసి పోయారు పాస్టరుగారు ఆ కాగితం. నువ్వు పడుకున్న చోటు నుంచి కనపడదులే. 'విశ్వాసి రోజువారీ అలవాట్లు' అట. మొత్తం ఏడు. ఒక్కోదాని పక్కన ఒక గడి, చేసిన రోజు టిక్కు పెట్టుకోవాలట. డెబ్బై దగ్గర పడుతున్న దర్జీవాణ్ణి పట్టుకుని, సండే స్కూలు పిల్లలకి చెప్పినట్టు టిక్కులు పెట్టుకోమంటే ఏమనాలి చెప్పు?

మింగు. నెమ్మదిగా. కారిందా? ఉండు, తుడుస్తాను.

ఆయన్ని అనడానికీ లేదనుకో. పక్షవాతం వచ్చిన ఇంట్లో ఏం మాట్లాడాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది? కుర్చీ అంచు మీద కూర్చుని, నీ కాళ్ళకేసి కాసేపు చూసి, గోడకేసి కాసేపు చూసి, చివరికి సంచీలోంచి ఆ కాగితం తీశారు. "అలవాట్లు వదలకండి బ్రదర్, అవే నిలబెడతాయి" అన్నారు. మన ఇంటికొచ్చి మనకే అలవాట్లు చెప్పడం.

మొదటిది, పొద్దున్న లేవగానే ప్రార్థన. లేవగానే ఏంటి, లేవకముందే చేస్తున్నాను. కళ్ళు మూసుకుని నీ మంచం వైపు చెవి పెట్టి పడుకుంటున్నాను, ఇవాళైనా పిలుస్తావేమో అని. అది ప్రార్థన కిందికి వస్తుందో రాదో అడగాల్సింది.

రెండోది, అన్నం ముందు కృతజ్ఞత. చెప్తున్నాను. నేను వండినదానికి కృతజ్ఞత చెప్పాలంటే దేవుడి మొహం చూడలేకపోతున్నాను, అది వేరే సంగతి. నవ్వొచ్చిందా? పెదవి కదిలినట్టుంది. లేదులే, జావ కారుతోంది.

మూడోది, బైబిలు వాక్యం చదవడం. ఇదిగో, ఇక్కడే వచ్చింది చిక్కంతా.

మనం ఎలా చదివేవాళ్ళం? పెళ్ళైన మర్నాటి నుంచీ ఒకటే పద్ధతి కదా. చర్చిలో పాస్టరుగారొకటి, సంఘమొకటి చదివినట్టు, ఒక వచనం నువ్వు, ఒక వచనం నేను. ఒకటి, మూడు, ఐదు నీవి. రెండు, నాలుగు, ఆరు నావి. నలభై మూడేళ్ళు. జ్వరాలొచ్చినా అంతే, పెళ్ళిళ్ళ రోజుల్లో కుట్టాల్సిన బట్టలు నడుం దాకా పేరుకున్నా అంతే. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి వచ్చి కూర్చునేవాణ్ణి.

నిన్ను ఆసుపత్రి నుంచి తెచ్చిన మర్నాడు పక్కన కూర్చుని పుస్తకం తెరిచాను. నీ వచనం దగ్గర ఆగాను. నువ్వు చదవడానికి పట్టేంతసేపు ఆగి, నాది చదివాను. మళ్ళీ ఆగాను. అధ్యాయం అంతా అలాగే అయింది. ఫిజియో అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పాపం, ముసలాయనకి కూడా ఏదో అయిందనుకుని ఉంటుంది.

రోజూ ఇదే తంతు. మొన్న విసుగొచ్చి, నీవి కూడా నేనే చదివేద్దాం అనుకున్నాను. మొదలుపెడితే, ఏమే, ఆ వచనాలు నాకు తెలియవు. ఒట్టు వేయకూడదు గానీ, నిజం. ఎవరో కొత్తగా రాసి మధ్యలో పెట్టినట్టున్నాయి. ఇన్నేళ్ళలో ఆ పుస్తకం ఎన్నిసార్లు పూర్తి చేశాం మనం? నాకొచ్చింది సగమే. నువ్వు చదువుతున్నంతసేపూ నేనేం చేసేవాణ్ణో తెలుసా? నా వచనం ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టుకుని, తడబడకూడదని లోపల ఒకసారి చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. నీ గొంతు వినపడేది. నువ్వు చదివిందేమిటో విన్నది లేదు.

సంఘంలో పెద్దని కూడాను. వాక్యం బాగా తెలిసినవాడని పేరు.

చల్లారిపోతోంది. ఇంకో రెండు చెంచాలే. నా కోసం.

నాలుగోది, రోగుల్ని చూడడం. దానికి గడప దాటక్కర్లేదు, టిక్కు పెట్టేశాను. ఐదోది, నాలుక అదుపులో పెట్టుకోవడం. ఎవరున్నారని జారడానికి? పిల్లా పీచూ లేని ఇల్లు. కొలతలివ్వడానికొచ్చిన వాళ్ళు కూడా గొంతు తగ్గించి, రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతున్నారు. ఒంటరిగా ఉందే నాకు. ఇంట్లో ఇద్దరం ఉన్నాం, అయినా ఉంది.

ఏడోది, ఆదివారం ఆరాధన మానకపోవడం. ఇవాళ ఆదివారమే. నిన్నొక్కదాన్నీ వదిలి ఎలా వెళ్తాను? అది పాస్టరుగారికీ తెలుసు.

అలా చూడకు. ఆరోది దాటేశానని నాకూ తెలుసు.

ఎవరి మీదా కోపం దాచుకుని పడుకోకూడదట. అదీ ఆరోది.

మా అన్నయ్య సంగతే కదా నీ చూపు. పదకొండేళ్ళ నుంచి ప్రార్థనలో నువ్వు "బావగారిని" అని మొదలుపెట్టడం, నేను దగ్గడం. అది దగ్గు కాదని నీకూ తెలుసు.

నా బాధ నాది. ఊరందరికీ కుట్టినవాణ్ణి, అమ్మకి కడసారి బట్టలు కుట్టనా? తెల్లటి పొడుగు గౌను. మెడ దగ్గర కుట్టు కాస్త వంకరొచ్చిందని విప్పి మళ్ళీ కుట్టాను. ఒక గంట ఆలస్యం, అంతే. పట్టుకెళ్ళేసరికి అన్నయ్య ఏదో షాపులోంచి రెడీమేడ్‌ది తెప్పించి తొడిగించేశాడు. భుజాల దగ్గర వదులు, జారిపోతోంది. "జనం అంతా నిలబడి ఉన్నారు, ఇంకెంతసేపు ఆగమంటావురా" అన్నాడు, అందరి ముందూ. నేను కుట్టింది చేత్తో పట్టుకుని సమాధి దాకా నడిచాను.

దానికి నువ్వేమన్నావు? "మెడ ఎవరు చూస్తారండీ, వంకరగానే తెచ్చేయాల్సింది" అన్నావు. వచనాలు చదవడం తప్ప, వారం రోజులు నీతో మాట్లాడలేదు. నువ్వన్నది నిజమని తెలిసే మాట్లాడలేదు.

నువ్వు పడిపోయే ముందురోజూ అదే గొడవ. బావగారికి మోకాలు బాగాలేదట, ఒకసారి చూసొద్దామన్నావు. నేను పుస్తకం మూసేసి లేచిపోయాను. ఈ ఇంట్లో వాక్యం చదవకుండా పడుకున్నది ఆ ఒక్కరోజే. తెల్లారి స్టవ్ దగ్గర చప్పుడైంది.

నీకొకటి చెప్పాలి. మూడు రోజులుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది.

అన్నయ్య వచ్చాడు. గురువారం మధ్యాహ్నం. నువ్వు నిద్రపోతున్నావు. మెట్ల మీద ఒక కాలు ఈడుస్తున్న చప్పుడు వినపడింది. మూడంతస్తులూ ఎక్కాడు, అంతస్తుకోసారి ఆగి ఆయాసం తీర్చుకుంటూ. ఎవరో పోల్చుకుని మిషను ఆపేశాను.

తలుపు కొట్టాడు. "తమ్ముడూ" అన్నాడు. ఇవతల గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, నా ఇంట్లో నేనే దొంగలా. మళ్ళీ కొట్టి, "నా మీద కోపం ఉంటే ఉండనీరా, మరదల్ని ఒక్కసారి చూసి పోతాను" అన్నాడు. ఆ తర్వాత మెట్టు మీద కూలబడ్డట్టున్నాడు. అక్కడే నీ కోసం ప్రార్థన చేశాడు, పైకే. నీకు మాట తిరిగి రావాలని అడిగాడు. ఇన్నాళ్ళుగా నేను అడుగుతున్నదే. నాకంటే బాగా అడిగాడు.

తీయాలనిపించలేదా అంటే, అనిపించింది. చెయ్యి గడియ దాకా వెళ్ళింది. తీస్తే ఏడ్చేస్తానని తెలుసు. అన్నయ్య ముందు ఏడవడం ఇష్టంలేక తీయలేదు. అంతకంటే పెద్ద కారణమేం లేదు. పదకొండేళ్ళ పగ అనుకుంటూ వచ్చాను గానీ, తీరా చూస్తే ఇంతే.

దిగడానికి ఎక్కినప్పటికంటే ఎక్కువసేపు పట్టింది అన్నయ్యకి. నీకు మెలకువొచ్చి, ఎవరొచ్చారన్నట్టు చూశావు. పాలవాడు అని చెప్పాను.

ఇదీ నీ మొగుడి భక్తి. తిట్టు. ఒక్క మాట, ఏదో ఒకటి అను.

ఏంటే? ఎటు చూస్తున్నావు? తల... గోడ వైపు తిప్పేసుకున్నావు.

నీ అంతట నువ్వే తిప్పావు. ఇరవై రెండు రోజుల్లో ఇదే మొదటిసారి. రేపు ఫిజియో అమ్మాయి వచ్చాక చెప్పాలి, ఎంత సంతోషిస్తుందో. ఏం చేస్తే తిప్పారండీ అని అడుగుతుంది. ఏమని చెప్పను?