ముందున్నోళ్లు

లేవకున్రి అక్కా, జర కూసోన్రి. మీ గంట ఇంకా కాలే, నెట్ సెంటర్ కౌంటర్ల అడిగే వచ్చిన. మీరు గిట్ల లేచి పోతే నేనేం కావాలె? నాలుగు రోజుల సంది మీ కోసమే తిరుగుతున్న. తిండి సయిస్తలేదు, కన్ను మూతపడ్తలేదు. మొఖం ఎరుక లేని మనిషి ఇంకో మనిషిని ఇంత పరేషాన్ చేస్తదా, మీరే చెప్పున్రి!

నేనెవరా? నా పేరు ఉమాకాంత్. మీ ముందర తెర మీద ఉన్నది సూడున్రి, వరుస డాట్ కామ్, అది నాదే. నాదంటే పని నాది, పైసలు కిషన్ రావు గారివి. చిక్కడపల్లి మెయిన్ రోడ్ల ఆయన బిల్డింగు. కింద పెండ్లికార్డుల ప్రెస్సు, పైన రెండు కంప్యూటర్లు, నేను.

మిమ్మల్ని ఎట్ల పట్టిననా? చెప్తున్న, ఆగున్రి. మొదటికెళ్లి చెప్పకుంటే మీకు సమజ్ కాదు.

సర్కారు నౌకరీ పరీక్ష రాసినంక పిలగాండ్లు ఏం చేస్తరు? అశోక్ నగర్ కోచింగు సెంటర్ల గోడకు అంటించిన జవాబులు చూసుకుంటరు, ఎన్ని మార్కులొస్తయో లెక్కేసుకుంటరు. ఆ మార్కులు మా సైట్ల కొడ్తరు. మీ ముందు ఇంత మంది ఉన్నరు, మీ వెనక ఇంత మంది ఉన్నరు అని మేము చెప్తం. గంతే. సర్కారు ఫలితాలు రావాల్నంటే నెలలు పడ్తది. అందాంక అశోక్ నగర్ల ఎవనికి నిద్ర పడ్తది అక్కా? గందుకే మా సైటు నడుస్తది.

ఇప్పుడేమో రెండు వేల సంవత్సరం వస్తున్నది. బొంబాయి నుంచి పైసలు పెట్టేటోళ్లు వస్తున్నరు. వచ్చే ఏడు మన సైటు ఎట్లుంటదో కాగితాల మీద చూపెట్టు అన్నడు కిషన్ రావు గారు. టెన్త్, ఇంటర్, బ్యాంకు పరీక్షలు, జిల్లాకొక లెక్క... గ్రాఫు గీత కిందికెళ్లి పైకి పోవాలె, ఎట్ల పోతదో నువ్వే చూస్కో అన్నడు. ఇంకోటి సుత అన్నడు. ఒక్కసారి వచ్చి పోయేటోడు కాదు, మళ్ల మళ్ల వచ్చేటోన్ని దొరకవట్టు, వాని ఫోటో పెట్టు, రెండు మంచి మాటలు రాయించు అన్నడు.

దొరకవట్టిన. నలభై మూడు రోజులు, ఒక్క రోజు నాగా లేదు. పొద్దుగాల పదకొండుకు వస్తడు, ఒక్కటే హాల్ టికెట్ నెంబరు కొడ్తడు, చూస్తడు, పోతడు. పేరు ప్రేమ్‌సాగర్. ఎంత ఖుష్ అయిన్నో! ఎర్ర పెన్నుతోని ఆ పేరు చుట్టు గుండ్రంగ గీసిన.

కెమెరా పట్టుకొని హాస్టలుకు పోయిన అక్కా. నవ్వుకుంట పోయిన. హాస్టల్ నడిపే బాలప్ప నన్ను కింద మీద చూసిండు. 'ఆ పిలగాడు పోయి యాభై రోజులాయె. చదువు ఇడిసిపెట్టి బోరు లారీ మీద పనికెక్కిండు. నల్లగొండ దిక్కు లారీ పల్టీ కొట్టింది' అన్నడు. నా చేతుల కెమెరా అట్లనే ఉన్నది.

నేను దయ్యాలను నమ్మను. కంప్యూటర్ చదువుకున్నోన్ని, ఎట్ల నమ్ముత? కానీ మర్నాడు పదకొండు కొట్టంగనే మానిటరు ముందర కూసున్న. రెండు నిమిషాలు దాటినంక ఆ పేజీ తెరుసుకున్నది. 'ప్రేమ్‌సాగర్ గారూ, నమస్తే' అని మా కంప్యూటర్ పలకరించింది. ఆ ముక్క నేను రాసిందే, వచ్చినోళ్లను మర్యాదగ పిలవాలె గదా అని. చచ్చిపోయిన మనిషిని నా మాటతోని నేనే పిలుస్తున్న. మానిటరు బంద్ చేసిన అక్కా, అబద్ధమెందుకు.

ఏ నెట్ సెంటర్ల కూసోని చూస్తున్నరో మా దగ్గర పడ్తది. ఈ నారాయణగూడ సెంటరని తెల్సింది. మొన్న వచ్చిన, నిన్న వచ్చిన, గడప కాడికెళ్లే వాపస్ పోయిన. ఇయ్యాల ధైర్యం చేసి మీ వెనక నిలబడ్డ. తెల్ల దారం అంటుకున్న చీర కొంగు, వేలికి సూది గుచ్చుకున్న గుర్తులు. దయ్యం కాదు, మనిషే. సుల్తాన్ బజార్ల చీరలకు ఫాల్స్ కుట్టే రేణుకక్క అని కౌంటరాయన చెప్పిండు. మీ తమ్ముడు ప్రేమ్‌సాగర్‌కు హాస్టల్ కిరాయి మీరే కట్టిన్రట గదా.

నవ్వొచ్చింది నాకు. దయ్యం కాదని నవ్వొచ్చింది. వెంటనే ఎర్ర పెన్నుతోని గీసిన గుండ్రం యాదికొచ్చింది. మీ దుఃఖాన్ని నేను గీతల ఎక్కించుకున్న అక్కా. మీరు రోజూ వచ్చుడు నా కాగితంల కంపెనీ పెరుగుడు అయింది.

ఏమన్నరు? జర గట్టిగ చెప్పున్రి.

...ఆఁ. అవును, నెంబరు రోజూ పెరుగుతనే ఉంటది. మీరడిగింది సబబే. పోయినోని ముందరికి వచ్చి ఇంకా ఎవలు నిలబడ్తున్నరంటే, నేనేమని చెప్పాలె? కొత్తోళ్లు చేరుతున్నరు, గందుకు పెరుగుతది.

అట్ల చూడకున్రి. చెప్తున్న గదా. ముందున్నోళ్లందరు మనుషులు కారు.

మొదలుపెట్టిన దినం ముప్పై ఎనిమిది మంది కొట్టిన్రు మార్కులు. ముప్పై ఎనిమిది! 'ఖాళీ హోటల్ల ఎవడన్న కూసోని తింటడా? జర నింపు' అన్నడు కిషన్ రావు గారు. నింపిన. పేర్లు యాడికెళ్లి తేవాలె? కింద ప్రెస్సుల పాత పెండ్లికార్డులు కట్టలు కట్టలున్నయి. పైకి తెచ్చుకున్న. పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల, వాళ్ల నాయిన, మేనమామలు, 'ఆహ్వానించువారు' అని కింద వేసినోళ్లు... ఎవ్వర్ని ఇడవలే. మూడు వేల మంది. అప్పగింతలప్పుడు ఏడ్చిన పెండ్లిపిల్లలు సుత నా దగ్గర పరీక్ష రాసిన్రు అక్కా.

పేర్ల కాడ ఆగినా అయిపోతుండె. మార్కులు తక్కువ వేసినా అయిపోతుండె. తక్కువ వేయబుద్ధి కాలే. ఎందుకంటరా? ఈ పరీక్ష నేను మూడుసార్లు రాసిన. మూడుసార్లూ పోయింది. నాకు ఎన్ని మార్కులొస్తే ఉద్యోగం వస్తుండెనో, అన్ని మార్కులు ఒక్కొక్కనికి వేసుకుంట పోయిన. ఎంత హాయిగుండె! మూడు వేల మందిని నా చేతులతోని పాస్ చేసిన. వాళ్లందరు పోయి మీ తమ్ముని ముందర నిలబడ్డరు.

రెండు వేల మందిని మెయిన్సుకు పిలుస్తరని అప్పుడు అందరి అంచనా. మీ తమ్ముడు చూసిన దినం ఆయన ముందర మూడు వేల రెండు వందల నలభై మంది. ఇగ ఎందుకు కూసుంటడు? అక్క కుట్టి కుట్టి కడ్తున్న కిరాయి ఎందుకు దండుగ అనుకుంటడు. మంచి పిలగాడు కాబట్టే అట్ల అనుకున్నడు. పెట్టె సదురుకొని లారీ ఎక్కిండు.

లారీ నేను తోలిన్నా? ఎక్కుమని నేను చెప్పిన్నా? నాలుగు రోజుల సంది నాకు నేను ఇదే చెప్పుకుంటున్న. ఎన్నిసార్లు చెప్పుకున్నా సరిపోతలేదు.

ఇంకోటున్నది. ఫలితాలు వచ్చి పన్నెండు రోజులాయె. పేపర్ల చూసిన్రా? చూడలే. ఎందుకు చూస్తరు, అంత మంది ముందున్నరని మేము చెప్పినంక? ఇగో, ఈ కాగితం. నా వేలు కాడ చూడున్రి. మీరు రోజూ కొట్టే నెంబరే. పాసయిండు అక్కా మీ తమ్ముడు. మెయిన్సుకు పిలిచిన్రు.

...

ఏడ్వున్రి. తిట్టున్రి. చెప్పు తీసుకొని కొట్టినా నేను కాదనను. 

ఏంది, మళ్ల ఆ నెంబరే కొడ్తున్నరా? కొట్టున్రి. ఇందాక మీరు చూసినంక, ఆ పక్క కంప్యూటర్ల కూసోని నేను సరిచేసిన. వచ్చింది చూడున్రి. 'మీ ముందు నాలుగు వందల పద్నాలుగు మంది ఉన్నారు.' అందరు అసలు మనుషులే. పానమున్నోళ్లు, రాత్రంత చదివినోళ్లు. మీ తమ్ముని జాగ అది. మీకు ఇది చూపెడ్దామనే వచ్చిన.

ఏమంటున్నరు? మిగిలిన పిలగాండ్ల పేజీలు సుత సరిచేసిన్నా అనా?

...వచ్చే నెల ఇంకో పరీక్షున్నది, అండ్ల సుత ఈ పెండ్లికార్డులోళ్లే ముందర నిలబడ్తరు. నిజమే. అశోక్ నగర్ల మళ్ల ఎవలో ఒకలు తమ నెంబరు చూసుకొని పెట్టె సదురుకుంటరు. నాకు తెల్వదా? తెల్సు.

తీసేయలే అక్కా. ఆ మూడు వేల మందిని తీస్తే గీత కిందికి పడ్తది. బొంబాయోళ్లు ఈ దినమే చిక్కడపల్లి ఆఫీసుకు వస్తున్నరు. మీ తమ్ముని పేజీ ఒక్కటే సరిచేసిన. పోయినోనికి నిజం చెప్తే ఎవ్వరికీ నష్టం లేదు. బతికున్నోళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు, గంతే.