ప్యూజో 203లో గుంటూరుకి

పాండిచ్చేరిలో కొన్న పాత ఫ్రెంచి కారు కనుక స్టీరింగు ఎడమవైపు ఉంది. పత్తిబండ్లను దాటాలంటే, కుడిపక్కన పురిటినొప్పులతో కూర్చున్న భార్యే దారి చూసి చెప్పాలి.

"కోటిరత్నం, ఎదురేమన్నా వస్తోందా?"

"లారీ వస్తోంది, ఆగండి... అమ్మా!"

"వెనక సీట్లో పడుకోమంటే వినవు!"

"పడుకుంటే మీకు దారెవరు చెబుతారు? ఏదో ఒకటి మాట్లాడండి. రోజూ చెప్పే ఆ కార్ల కథే చెప్పండి."

"అది వింటే నిద్రొస్తుందంటావుగా."

"ఇవాళ రాదులెండి."

"ఆ ప్యూజో కుటుంబం వాళ్ళు ముందు కాఫీ మరలు చేశారు. తర్వాత సైకిళ్ళు, ఆపైన కార్లు. 201, 202, మనది 203."

"తర్వాత 204 కదూ?"

"కాదు, 403. నిరుడు 404 వచ్చింది."

"అంత దూరం ఎందుకు గెంతారో?"

"ఏమో... నీ మొహమంతా చెమటలు పట్టిందే."

"నన్ను చూడకండి, దారి చూడండి. లారీ పోయింది, పోనివ్వండి!"

"దాటేశాం! ఇంకాస్త ఓర్చుకో."

"నావల్ల కాదు. కారాపి, ఆ మిరపచేలో ఆడవాళ్ళని కేకెయ్యండి."

వాళ్ళు పరుగున వచ్చారు. కాసేపటికి కారులోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"ఆడపిల్లండీ. అదేంటి, మీరూ ఏడుస్తున్నారా?"

"లేదు. పద, ఆస్పత్రికి పోదాం."

"పదండి. ఇక బండ్లని దాటకండి, వాటి వెనకే నెమ్మదిగా పోనివ్వండి."