పక్కనోళ్ల మాటలు సుత నా నోట్లెనే

"అమ్మమ్మా, నాటకాలాడే నువ్వు సినిమాలల్లకు ఎట్ల పోయినవే?"

గా ముచ్చటనా? జర గా దిండు ఇటియ్యి, నడుము లేస్తలేదు. ఆఁ... అప్పట్ల మన కరీంనగర్ల పద్యనాటకాలకు రాణి వేషం కట్టే ఆడోళ్లం ఇద్దరమే. కాదు, ముగ్గురం. ఊరోళ్లు మూడు నెల్లు నేర్చుకునేటోళ్లు, నేను మాత్రం ఆట నాడే బస్సు దిగి, మొఖానికి రంగేసుకొని స్టేజీ ఎక్కేదాన్ని. కాగజ్‌నగర్ల ఓపాలి మిల్లు పనోళ్లు ఆడిన్రు. రాజు వేషం కట్టినాయన జనాన్ని సూడంగనే పద్యం మొత్తం మరిచిండు, గుడ్లు తేలేసిండు పాపం. నేను పైట సర్దుకున్నట్టు చేసి మెల్లగ మొదటి ముక్క అందిచ్చిన. ఇగ ఎత్తుకున్నడు సూడు, ఈలలే ఈలలు! గప్పటి సంది "ఆమె ఉంటె ఫికర్ లేదు" అని అందరు నన్నే పిలిచేటోళ్లు. అందరి మాటలూ నాకు నోటికొచ్చు మరి. మీ తాత నవ్వేటోడు, ఇంట్ల సుత నా మాట నువ్వే చెప్తివి అని. మంచి మనిషి... ఏం చెప్తున్న?

ఆఁ, సినిమా. ఒక డైరెక్టర్ చిన్నప్పుడు నా ఆట చూసిండట, ఇల్లు వెతుక్కుంట వచ్చిండు. సుల్తానాబాద్ కాడ తీసిన్రు. నాది ముసలి తల్లి వేషం. పొలం అమ్మిన అని కొడుకు చెప్తడు, నేను ఊకె వినాలె, గంతే. కొడుకు వేషం కట్టిన పిలగాడు నోరు తెరిస్తె నా పెదవులు సుత ఆడుతున్నయట! "అమ్మా, ఆయన మాటలు మీరు అంటున్రు" అని డైరెక్టర్ ఆపిండు. మల్ల తీసిన్రు, మల్ల గంతే. ఆఖరికి పక్కకు పోయి, వేరే ఆమెను చూడున్రి అని తన మనుషులతోని అంటుండు. నలభై ఏండ్లు మందిని నిలవెట్టిన నోరే నన్ను ఇంటికి తోల్తదా అని ఏడుపొచ్చింది.

ఇంకొక్కసారి తియ్యి బిడ్డా అని బతిలాడిన. పండ్లు బిగవట్టి కూసున్న. పిలగాడు నడుమ మాట మరిచిండు. నిజంగనే మరిచిండే! గా మాట నా గొంతు దాక వచ్చింది, మింగిన. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నన్ను చూసి వాడు సుత ఏడ్చిండు. డైరెక్టర్ ఉరికొచ్చి నా కాళ్లు మొక్కిండు.

థియేటర్ల అందరూ, ఎంత దుఃఖం దాసుకున్నది తల్లి అన్నరు. పొలం దుఃఖం కాదు, పాడు కాదు. పక్కనోడు మాట మరిచి నిలవడ్డడు, నేను అందియ్యలే. నా బతుకుల గదొక్కటే తప్పు చేసిన అనిపిస్తది, గదానికే చప్పట్లు కొట్టిన్రు.

సల్లగుండు బిడ్డా. నీకు ఎన్నడన్న మాట తప్పిపోతె, అందిచ్చేటోళ్లు నీ పక్కన ఉండాలె...