హిందీలో బదులియ్యకురా, కుమార్

హలో… పంపుహౌసేనా? … ఆ, నేనేరా కుమార్. నాన్నని.

… బాగానే ఉన్నాను. … ఇంట్లోంచి కాదు, బిష్టుపూర్ బజారు నించి. ఎవుడిదో దుకాణం, వెనక గది… చెప్తాను, చెప్తాను. ముందు నన్ను చెప్పనీ.

నువ్వు మాటాడకు. … ఒరే, నోరు మూసుకోమన్నానా!

… కోపం కాదురా. ఇదిగో, నవ్వుతన్నాను చూడు. హహ్హ. … నేను నవ్వుతానే చెప్తాను. నువ్వు కంగారు పడకుండా విను.

ఒక్క ముక్క ముందు చెప్పనీ. ఇయ్యాల నాతో హిందీలో మాటాడకు.

… అదిగో! మళ్లీ అదే! "క్యోం పాపా" ఏటిరా, "క్యోం పాపా"!

ఆ అను. ఊ అను. అంతే. పుట్టిన కాణ్ణించి నా తెలుగు వింటన్నావు, అర్థమవుద్దని నాకు తెలుసు. పలకడానికే నీకు నోరు తిరగదు. తిరక్కపోతే మానె. ఊ అంటే చాలు.

… ఊ. అలాగ.

హా భయ్యా, హాల్‌చాల్ పూఛ్ రహా హూఁ. ఘర్ కా లడ్కా హై, సీధే కామ్ కీ బాత్ కరూంగా తో శక్ కరేగా. … హా, హా. అభీ.

విన్నావు కదా, ముందు నీ బాగోగులడుగుతన్నానని చెప్పేను. నా పక్కన ఒకడున్నాడు. ఆడి చేతిలో నల్లటిది ఉంది, నా పక్కటెముకలకి ఆనించి పెట్టేడు. … అదే. నువ్వనుకున్నదే. పేరు పలక్కు.

సంత కాడ జీపు ఆపి దారి అడిగేరు. దగ్గరకెళ్లేను. లోపలికి లాగేసేరు.

ఈడికి తెలుగు రాదు. మా ఇంట్లో అందరం తెలుగే మాటాడతాం, హిందీలో చెప్తే మావోడు అనుమానపడతాడని చెప్పి ఒప్పించేను. శుద్ధ అబద్ధం. ఇప్పుడు నువ్వు "క్యా హువా పాపా" అని అరిచేవంటే అది కాస్తా బయటపడిపోద్ది. నువ్వు గొంతెత్తేవంటే ఈ ఫోన్లోంచి గదంతా వినబడద్ది, చెవికి ఎంత నొక్కి పెట్టినా.

కుమార్… ఉన్నావా? … ఊ. నా తండ్రే.

మన మాటల్లో సగం హిందీవి, సగం ఇంగ్లీషువి అయిపోయేయి. వాటిల్లో అసలువి పలికితే ఈడికి తెలిసిపోద్ది. అందుకని వంకర టింకరగా చెప్తాను, నువ్వే సరి చేసుకో.

నీ గేటు ముందర బండి ఆగిందా? … నీలం రంగుదే. ముందర ఎవుడు కూర్చున్నాడో కిటికీలోంచి చూడు. ఫోను వదలకు.

… ఆడే. క్రిస్మస్‌కి మనందరికీ ఫొటోలు తీసినాడు, ఆడే. నన్ను పంపుహౌసు ముందర నిలబెట్టి, గొట్టాలూ గోదామూ అన్నీ పడేలాగ తీసి, "అంకుల్, హీరోలాగున్నారు" అన్నాడు. మీ యమ్మ దానికి అద్దం కట్టించింది. ఆడికి కావల్సింది నా మొహం కాదురా. నా వెనకాల ఉన్నవి.

… లెగకు! ఎక్కడికి లేత్తన్నావు! తెలిసినోడని తాళం పట్టుకెళ్లిపోడమేనా? కూర్చో!

నహీ భయ్యా, గుస్సా నహీ. ఉధర్ మోటర్ కా ఆవాజ్ హై, చిల్లానా పడ్తా హై. … హా. గేట్ కా హీ బోల్ రహా హూఁ. గేట్.

మోటర్ల హోరుకే అరుత్తన్నానని చెప్పేను. ఈడు గేటన్న మాట కోసమే కాసుకోని కూర్చున్నాడు. అందుకని అంటాను. గేటు. సిలిండర్ల బండి వచ్చింది, గేటు. … తియ్యకు. విన్నావా? నా నోటంట గేటన్న మాట ఎన్నిసార్లు వచ్చినా సరే, తియ్యకు.

… సిలిండర్లే, కానీ పైన ఒక్క వరస. కింద ఉన్నవి వేరే. అవి… ఎలా చెప్పను… మందుగుండు.

… మందుగుండు తెల్దా?

ఓరి నాయనో. … ఆగు, ఆగు. మొన్న మీ యమ్మ పప్పు పెట్టి పక్కింటికెళ్లి కబుర్లలో పడిపోయింది, కుకర్ ఏటయింది? మూత ఎక్కడికెళ్లింది? … ఆ. కప్పుకి తగిలింది. అలాటివి బండి నిండా ఉన్నాయి.

… ఊ. అర్థమైంది కదా.

కుకర్, భయ్యా. ఉస్‌కీ మా కా కుకర్. … ఘర్ కీ బాత్ హై. బస్, దో మినట్.

నీ వెనకాల గోదాములో ఏటుందో నేను చెప్పాలా నీకు? నీళ్లలో కలిపే ఆ పచ్చగాలి. మొన్న ఒక్కటి కాస్త కారితేనే కళ్లు మండిపోయి జట్టు జట్టంతా నదిలోకి దూకేసింది. అవన్నీ ఒక్కసారి పగిలితే ఇంకేటి మిగుల్తాది? గాలి ఇటే వీత్తంది. మన పేట కద్మా మీదకే. మీ యమ్మ ఈ ఏళకి డాబా మీద వడియాలు తీత్తా ఉంటాది. బడి వదిలేరు, సందు నిండా పిల్లలు…

… ఏడవకు. నాకు వినబడతంది. … సరే, ఏడు. ఏడిత్తే ఏడు గానీ హిందీలో ఏడవకు.

చెయ్యడానికి ఒక్కటే ఉంది. ఈ లైను పెట్టేసి ఇంకెవరికీ చెయ్యడానికి లేదు. గేటు తీసేదాకా ఫోను తెగకూడదు, అది ఈడి షరతు. తెగితే ఈడు ఆ బండోడికి ఎంటనే కబురు చేసేలాగ మాటాడుకున్నారు. అంచేత… నీ గోడ మీద ఎర్ర పిడి ఉంది. డ్యూటీలు మారినప్పుడు లాగుతావే. ఊరంతటికీ వినబడేలాగ కూత పెడతాది. … ఆ. ఆ. పేరు అనకు.

రోజూ లాగి వదిలేత్తావు. ఇప్పుడు లాగి వదలకు. ఆగకుండా అరిచిందంటే ప్రమాదమని చీపురు పట్టుకున్నోడిక్కూడా తెలుసు. దొంగల్ని పట్టుకునేవోళ్లు మీ రోడ్డు మలుపులోనే ఉన్నారు కదా, ఒక్క ఉదుటున వచ్చి పడతారు, బండోడికి గేటు గుద్దే సందు దొరకదు. ఆ బండి గేటు బయట పేలితే గోడ పోద్ది, గేటు పోద్ది. గోదాము దాకా రాదు. పిడికి తాడు చుట్టి మేకుకి కట్టీసి, వెనక తోవన నది వైపు పరిగెట్టు.

… ఏటి?

నా సంగతి నీకెందుకిప్పుడు.

… ఆ. ఇక్కడికీ వినబడద్ది. బిష్టుపూరంతా వినబడద్ది. ఈడికీ చెవులున్నాయి.

… లేదు, లేదు. ఈ గదికి వెనక తలుపుంది. గోల మొదలవ్వగానే నేనటు తప్పించుకుంటాను. నువ్వు భయపడకు.

…

కుమార్.

… లేదురా. తలుపు లేదు. నీకు అబద్ధం చెప్పలేను.

… "వద్దు" అన్నావా? ఇన్నేళ్లకి తెలుగులో ఒక్క ముక్క పలికేవు, అదీ "వద్దు" అనా!

చాబీ నహీ మిల్ రహీ, భయ్యా. ఢూంఢ్ రహా హై. … నహీ నహీ, ఝూఠ్ క్యోం బోలూంగా? ఆప్ కే హాథ్ మే హూఁ.

విను. నువ్వు తాళంచెవి ఎతుకుతన్నావని చెప్పేను ఈడికి. నాకు చావాలని లేదు. భయంగా ఉంది. ఇంకా బతకాలనుంది. నీ పెళ్లి చూడాలనుంది. కానీ నువ్వు గేటు తీసినా ఈడు నన్ను వదలడు, ఈడి మొహం చూసేసేను. ఆ బండి లోపలికొచ్చిందంటే ముందు పోయేది నువ్వు. తరవాత మీ యమ్మ. తరవాత ఎవరెవరో లెక్కే లేదు. అందరం పోయి ఎవుడికి లాభంరా?

… వినరా. …

ష్! … నహీ… నహీ భయ్యా, వో మేరా లడ్కా నహీ. ఉస్‌కా సాథీ హై, పీఛే సే బోలా. బిహారీ లడ్కా హై, హిందీ మే బోలేగా హీ. … కసమ్ సే. యేసు కీ కసమ్.

… ఒట్టు పెట్టించేవు నా చేత, దేవుడి మీద.

నీ హిందీ ఈడు ఇన్నాడు. అది నీ జతగాడి గొంతని చెప్తే ఈసారికి నమ్మినట్టున్నాడు. మళ్లీ నమ్మడు. పక్కటెముకల్లో ఇంకా గట్టిగా గుచ్చుతన్నాడు. అనుమానం పడితే ఇప్పుడే చంపేసి, బండోణ్ణి గేటు గుద్దుకోని లోపలికెళ్లిపొమ్మంటాడు. అప్పుడు నేనూ పోతాను, ఊరూ పోద్ది. నువ్వు చేత్తే నేనొక్కణ్ణే.

నేను తండ్రిని, చెప్తన్నాను. ఇన్నాళ్లూ నా మాట విన్నావో లేదో, ఈ ఒక్కటీ విను. లెగు. ఫోను పెట్టీకు, బల్ల మీద అలా ఉంచు. నేను మాటాడతానే ఉంటాను. లెగు బాబూ.

… ఊ అను.

… అను.

…

… ఊ అన్నావు. నా తండ్రే. వెళ్లు.

…

కుమార్? … కుమార్?

హా భయ్యా. చాబీ మిల్ గయీ. గేట్ ఖోల్నే గయా. … లైన్ చాలూ హై. ఉస్‌కే తెలుగువాలే సాథీ సే బాత్ కర్ రహా హూఁ. … జీ.

గేటు తియ్యడానికెళ్లేవని, నేను నీ జతలో ఇంకో తెలుగోడితో మాటాడతన్నానని చెప్పేను ఈడికి. వెళ్లిపోయేవు కదా. మోటర్ల హోరు తప్ప ఏటీ వినబట్లేదు. మంచిది. ఇంక నువ్వు వినవు గాబట్టి చెప్పుకోవచ్చు.

నువ్వు హిందీలో జవాబు చెప్తంటే ఊరోళ్లందరి ముందరా తిట్టేవోణ్ణి. నిజానికి నాకు ముద్దొచ్చేదిరా. ఈ ఊర్లో పుట్టినోడు, ఈ ఊరి మాట ఎంత బాగా మాటాడతాడో అనుకునేవోణ్ణి. నేను మాటాడితే సైకిలు షాపోడు కూడా నవ్వుతాడు. నువ్వు మాటాడితే ఎవుడూ నవ్వడు.

మొదటి రోజు నిన్ను డ్యూటీకి తీసుకొచ్చినప్పుడు, ఆ పిడి నువ్వు రెండు చేతుల్తో లాగేవు. నేను పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను. నువ్వు చూళ్లేదు.

… ఖోల్ రహా హోగా, భయ్యా. తాలా పురానా హై. జంగ్ లగా హై.

జయమణీ… కుమార్ అమ్మా… నీకు చెప్పకుండానే పోతన్నాను. కూర అట్టుకొత్తానన్నాను.

ఏడ్రా కుమారూ… ఇంత సేపేటి… పట్టుకున్నారేటి నిన్ను? … లాగలేక కూలబడిపోయేవేటి? … నాన్న మీద జాలి పడకురా. పడకు. ప్రభువా, ఈ పిల్లాడికి నా మీద జాలి తీసేయి…

…

ఆ.

ఆ… మోగింది. ఫోన్లో మోగింది. …

ఇక్కడికింకా రాలేదు. నది కాణ్ణించి బిష్టుపూర్ దాకా గాలిలో నడిచి రావాల కదా. తీగ మీద ముందరే వచ్చేసింది నాకు. చెవికి అదిమి పట్టుకున్నాను. ఈడు అది మోటర్ల హోరే అనుకుంటన్నాడు. ఈ కాస్సేపూ నాకొక్కడికే తెలుసు. … వదలకు. వదలకు. పరిగెట్టు, పరిగెట్టు బాబూ…

కుఛ్ నహీ భయ్యా. హస్ నహీ రహా. …

ఇదిగో వచ్చింది. కిటికీలోంచి. ఊరంతా… ఆగకుండా…

హా భయ్యా. … హా. మేరే బేటే నే బజాయా.

మేరా హీ బేటా హై, భయ్యా. మేరా హీ—