రెండిళ్ల మధ్య గడ్డి

చలి ముదిరేలోపు మొలవాలని అతను పెరట్లో రెండోసారి గడ్డి విత్తనాలు చల్లుతున్నాడు. భార్య మెట్ల మీద కూర్చుని చూస్తోంది.

"ఇంత ఆలస్యంగా చల్లితే మొలుస్తుందా?"

"మొన్న చల్లింది మొలిచిందిగా. ఈ దారి మీదే బోసిగా ఉండిపోయింది."

"పక్కింట్లోంచి మీ తమ్ముడు పదేళ్లు నడిచిన దారి. నేల బండబారిపోయింది."

"తవ్వి, ఎరువేసి మరీ చల్లాను. మాటలు మానేసి ఐదు నెలలైంది, వాడు ఇటు రావడం లేదు కదా."

"పోనీ, అలా వదిలెయ్యరాదూ."

"చూసినప్పుడల్లా వాడే గుర్తొస్తున్నాడు. పొద్దునా సాయంత్రం తడపలేక నడుం పడిపోతోంది. ఏ కుక్క తొక్కేస్తోందో ఏమో."

"కుక్క కాదులెండి, నేను."

"నువ్వా?"

"మీరు పనికెళ్లాక రోజూ వెళ్తున్నాను. మీ ఇద్దరికీ పడకపోతే తోడికోడళ్లం మేమెందుకు మాట్లాడుకోకూడదు? వీధి చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక నాకు లేదు."

అతను గుప్పిట్లో మిగిలిన విత్తనాలను తిరిగి సంచిలో పోసి, ఆమె పక్కన కూలబడ్డాడు.

"వాడి మోకాలి నొప్పి తగ్గిందా?"